తోకుగావ సైనిక ప్రభుత్వము – జపాను సమాజము – క్రైస్తవ సంఘము: ఒక పరిశీలన

సంఘచరిత్ర తరగతులలో జపాను వంతు వచ్చినప్పుడు సాధారణముగా మూడు సంగతులు చెప్పుకొని ముందుకు సాగిపోతాము. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమా రేవులో దిగడము, 1597లో నాగసాకి కొండ మీద 26 మంది సిలువ వేయబడడము, ఆ తరువాత రెండు వందల ఏండ్లకు పైగా ఆ దేశము తలుపులు మూసుకొనడము. తలుపులు మూసిన ప్రభుత్వము ఎటువంటిది, అది పల్లెలో నివసించే మామూలు మనిషిని ఏ దారిన చేరుకొన్నది అనే ప్రశ్న అంతగా రాదు. ప్రసంగములలోనైతే "అన్యుల ద్వేషము" అని ఒక్క మాటతో సరిపెట్టుకొంటాము. ద్వేషము ఉన్న మాట నిజమే. కాని ద్వేషము ఒక్కటే రెండు వందల యాభై ఏండ్లు నిలువదు. దానికి కచేరీలు కావలెను, లెక్కలు వ్రాసేవారు కావలెను, ఇంటింటికి వచ్చి ముద్ర వేయించుకొని వెళ్ళేవారు కావలెను. ఈ వ్యాసములో మేము ఆ ఏర్పాటును, అది పుట్టిన సమాజమును, దాని క్రింద సంఘము నడిచిన తీరును కాపరులకు, విద్యార్థులకు ఉపయోగపడునట్లు వివరించ ప్రయత్నిస్తాము.

గుడారములోనుండి పరిపాలన

జపానులో చక్రవర్తి క్యోటో నగరములో ఉండేవాడు. ఆయనకు పూజ్యత ఉండేది, అధికారము ఉండేది కాదు. అధికారము "షోగున్" అనే సేనాధిపతి చేతిలో ఉండేది. షోగున్ ప్రభుత్వమునకు "బకుఫు" అని పేరు. యుద్ధభూమిలో సేనాధిపతి చుట్టూ కట్టే తెర అని ఆ మాటకు మూలార్థము. అనగా అది గుడారములోనుండి జరిగే పరిపాలన. యుద్ధము ముగిసి తరములు గడిచినా ఆ పేరు మారలేదు. ఈ పేరును విద్యార్థులు గుర్తుంచుకొనుట మంచిది. శాంతికాలములో కూడా ఆ ప్రభుత్వము ప్రతి మనిషినీ శత్రువా, మిత్రుడా అనే కంటితోనే చూసినది.

1467లో మొదలైన ఓనిన్ యుద్ధము తరువాత నూరేండ్లకు మించి జపాను దొరలు ఒకరితో ఒకరు పోరాడుతూనే ఉన్నారు. ఒద నొబునగా, తొయొతోమి హిదెయోషి ఒకరి తరువాత ఒకరు దేశమును చాలావరకు ఒక్కటి చేశారు. హిదెయోషి 1598లో మరణించగా, తోకుగావ ఇయెయాసు 1600లో సెకిగహారా యుద్ధములో ప్రత్యర్థులను ఓడించి 1603లో షోగున్ బిరుదు పొందాడు. రెండేండ్లకే ఆ పదవిని కుమారుడు హిదెతదకు అప్పగించాడు. పదవి ఇక తన వంశముదే అని అందరికీ తెలియజెప్పుటకే ఆ పని. 1615లో ఓసాకా కోటను పడగొట్టి హిదెయోషి కుమారుని వంశమును తుదముట్టించాడు. 1867 వరకు 15 మంది తోకుగావ షోగున్‌లు ఎడో నగరము నుండి, అనగా నేటి టోక్యో నుండి, పాలించారు.

అయితే షోగున్ దేశమంతటినీ తానే నేరుగా ఏలలేదు. సుమారు 260 మంది "దైమ్యో"లు, అనగా సంస్థానాధిపతులు, ఎవరి భూమిని వారు ఏలుకొనేవారు. ఒక సంస్థానము పరిమాణమును అక్కడ పండే పంటను బట్టి "కోకు"లలో కొలిచేవారు. ఒక కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యము, మన లెక్కలో రెండు బస్తాలు అనుకోవచ్చు. ఒక మనిషికి ఏడాది తిండి అంతే. పదివేల కోకుల భూమి ఉన్నవాడు దైమ్యో. కగా సంస్థానపు మయెదా వంశమువారికి పది లక్షల కోకులకు పైగా ఉండేది. ఆ సంస్థానములకు సొంత సైన్యములు, సొంత చట్టములు ఉండేవి. చాలామంది సొంత కాగితపు నోట్లు కూడా అచ్చు వేసుకొన్నారు. షోగున్ వారి భూములపై ఏటేటా పన్ను తీసుకొనలేదు.

మరి వారిని అదుపులో ఉంచినది ఏమిటి? 1615లో ప్రకటించిన సైనిక గృహముల శాసనముల ప్రకారము దైమ్యో తన కోట గోడకు మరమ్మతు చేయించుకొనాలన్నా, కుమారునికి వివాహము చేయాలన్నా ఎడో అనుమతి కావలెను. తప్పు దొరికితే భూమి తగ్గించేవారు, వేరే ప్రాంతమునకు మార్చేవారు, లేక పూర్తిగా తీసివేసేవారు. వీటన్నిటి కంటె బలమైనది 1635లో మూడవ షోగున్ ఇయెమిత్సు స్థిరపరచిన వంతు హాజరు పద్ధతి, "సంకిన్ కోతై". దైమ్యో ఒక ఏడాది తన సంస్థానములో, మరుసటి ఏడాది ఎడోలో ఉండవలెను. భార్య, వారసుడైన కుమారుడు ఎప్పుడూ ఎడోలోనే ఉండవలెను. గౌరవముగా చెప్పాలంటే అది షోగున్ సన్నిధిలో సేవ, ఉన్నమాట చెప్పాలంటే తాకట్టు. దారిలో హకోనె వంటి చోట్ల తనిఖీ ద్వారములు ఉండేవి. "లోపలికి వచ్చే తుపాకులు, బయటికి పోయే స్త్రీలు" అనే రెంటినే అక్కడ ముఖ్యముగా వెదకేవారట. తుపాకి లోపలికి వస్తే తిరుగుబాటు, దొరసాని బయటికి పోతే తాకట్టు విడిపోయినట్లు.

వందలాది, కొందరికైతే వేలాది పరివారముతో ఈ రాకపోకలు, రెండు చోట్ల భవనముల ఖర్చు దైమ్యోల ఆదాయములో పెద్ద భాగమును తినివేశాయి. యుద్ధమునకు డబ్బు మిగలలేదు. మరోవైపు ఆ దారుల వెంట సత్రములు, దుకాణములు పెరిగాయి. 18వ శతాబ్దములో ఎడో జనాభా పది లక్షలకు చేరినది. ఆనాటి ప్రపంచములో అంత పెద్ద నగరములు చాలా కొద్ది.

నాలుగు అంతస్తులు, వాటి వెలుపలివారు

పాఠ్యపుస్తకములలో తోకుగావ సమాజమును సమురాయి, రైతు, చేతిపనివాడు, వర్తకుడు అని నాలుగు మెట్లుగా చెబుతారు. చీనా దేశపు పండితుల ఆలోచనలోనుండి వచ్చిన ఈ వరుస నిజ జీవితములో ఇంత చక్కగా ఉండేది కాదని ఇటీవలి చరిత్రకారులు చూపించారు. వాస్తవముగా కనబడిన విభజన ఆయుధము ఉన్నవానికి, లేనివానికి మధ్యనున్నది. 1588లో హిదెయోషి రైతుల వద్దనున్న కత్తులన్నీ తీసివేయించాడు. ఆ ఇనుమును బుద్ధ విగ్రహపు మందిరమునకు మేకులుగా వాడుతామని, కనుక పరలోకములో కూడా మేలు కలుగుతుందని రైతులకు చెప్పారు. పన్ను వేసేవాడు భక్తి మాట కూడా కలిపి చెప్పడము ఆ దేశములో మాత్రమే జరిగినది కాదు గదా!

సమురాయిలు కుటుంబములతో కలిపి జనాభాలో ఆరేడు శాతము మాత్రమే. వారిని పల్లెల నుండి కోట ఉన్న పట్టణములకు తరలించారు. భూమితో సంబంధము తెగిపోయి, దొర ఇచ్చే బియ్యపు జీతము మీద బ్రతికేవారైనారు. యుద్ధము లేని దేశములో యోధుడు ఏమి చేయగలడు? గుమాస్తా అయ్యాడు. నడుమున రెండు కత్తులు పెట్టుకొని కచేరీలో దస్త్రములు వ్రాసుకొన్నాడు. సినిమాలలో చూచే సమురాయి కంటె ఈ సమురాయే తోకుగావ కాలమునకు ఎక్కువ నిజమైనవాడు. బియ్యపు జీతమును డబ్బుగా మార్చుకొనుటకు వర్తకుని దగ్గరకు వెళ్ళవలెను, చాలనప్పుడు వచ్చే ఏటి బియ్యమును కుదువ పెట్టవలెను. 1789లో ప్రభుత్వమే తన సమురాయిలు ఎడో బియ్యపు వర్తకులకు చెల్లించవలసిన పాత బాకీలను రద్దు చేయవలసి వచ్చినది. వరుసలో అందరికంటె పైనున్నవాడు, అందరికంటె క్రిందనున్న వర్తకునికి ఋణస్థుడు.

జనాభాలో సుమారు ఎనభై శాతము రైతులు. సమురాయి పల్లె విడిచి వెళ్ళినందున గ్రామము తన పనులు తానే చూసుకొనేది. గ్రామ పెద్ద రైతులలో ఒకడే. మన ప్రాంతములో ఒకప్పుడు మునసబు, కరణము ఇద్దరూ చేసిన పనిని అతడొక్కడే చేసేవాడనవచ్చు. పన్ను ఒక్కొక్క రైతు పేరున కాక ఊరంతటి మీద పడేది. పంటలో నలభై శాతము, చాలాచోట్ల యాభై శాతము దొరకు పోయేది. ఒక ఇల్లు కట్టలేకపోతే మిగిలినవారు భరించవలెను. దీనికి తోడు "గోనింగుమి" అనే ఏర్పాటు ఉండేది. ఐదు ఇండ్లను ఒక జట్టుగా కట్టి, ఒకరి తప్పుకు ఐదుగురిని బాధ్యులను చేశారు. పొరుగువాడు సహాయకుడూ అతడే, కాపలావాడూ అతడే. ఈ ఐదిండ్ల జట్టు తరువాత క్రైస్తవుల విషయములో ఎంత పని చేసినదో ముందు చూస్తాము.

ఈ అంతస్తులన్నిటికీ వెలుపల "ఎతా", "హినిన్" అని హీనముగా పిలువబడినవారు ఉండేవారు. హినిన్ అంటే "మనిషి కానివాడు" అని అర్థము. చచ్చిన పశువులను తీయడము, తోలు పని, శిక్షలు అమలుపరచే చోట పని వీరికి విధించారు. ప్రత్యేకమైన ఊళ్ళలో నివాసము, ఇతరులతో వివాహము లేదు, గడప దాటి లోనికి రానివ్వరు. వర్ణధర్మము లేని దేశములో కూడా ఇంచుమించు అదే పని, అదే పేట, అదే దూరము ఎలా ఏర్పడినది అనే ప్రశ్న తెలుగు సంఘముల కాపరులకు పరాయి ప్రశ్న కాదు. మృతదేహము, రక్తము మైల అనే భావము అక్కడ పూర్వము నుండి ఉన్నదే. తోకుగావ ప్రభుత్వము దానిని దస్త్రములలోనికి ఎక్కించి వంశపారంపర్యముగా బిగించినది. 1871లో కొత్త ప్రభుత్వము ఈ పేర్లను రద్దు చేసినా వివక్ష పోలేదు. 1922లో వారి సంతతివారే క్యోటోలో "సుయిహెయ్‌షా" అనే సమత్వ సంఘమును స్థాపించి పోరాటము సాగించారు.

క్రైస్తవులంటే భయమెందుకు?

జేవియర్ జపాను ప్రయాణము మన దేశపు గడ్డ మీదనే మొదలైనది. అంజిరో అనే జపాను దేశస్థుడు గోవాలో చదువుకొని 1548లో అక్కడే బాప్తిస్మము పొందాడు. మరుసటి ఏడాది జేవియర్‌తో కూడా కగోషిమాకు వెళ్ళాడు. 1597లో మరణించిన 26 మందిలో ముంబాయి దగ్గరి వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఒకడు. అప్పటికి తోకుగావ పాలన రాలేదు. ఆ శిక్ష హిదెయోషి విధించినది.

పదిహేడవ శతాబ్ది ఆరంభము నాటికి జపానులో క్రైస్తవులు సుమారు మూడు లక్షలు. దైమ్యోలలోనే కొందరు విశ్వాసులు ఉండేవారు. ఇక్కడ మనము నిర్మొహమాటముగా మాట్లాడుకొనవలెను. ఆ దైమ్యోలలో కొందరి మార్పునకు పోర్చుగీసు ఓడ వర్తకము కూడా కారణమే. ఓమురా సుమితద తన సంస్థానములోని బౌద్ధ, షింటో ఆలయములను పడగొట్టించి ప్రజలందరినీ బాప్తిస్మము పొందజేశాడు. 1580లో నాగసాకి రేవును జెస్విట్ సభ చేతికి అప్పగించాడు. జపాను నేల మీద ఒక పట్టణము విదేశ గురువుల పాలనలో ఉండడము చూచి హిదెయోషి 1587లో మిషనరీలను వెళ్ళగొట్టే ఆజ్ఞ వ్రాయించాడు. అతని భయములో కొంత అతిశయము ఉన్నదని మేమూ అంగీకరిస్తాము. కాని అది గాలిలోనుండి పుట్టిన భయము కాదు.

ఇయెయాసు మొదట ఓర్చుకొన్నాడు, వర్తకము కావలసి వచ్చినది గనుక. 1612లో ఒక లంచము వ్యవహారము బయటపడినది. అరిమా హరునొబు అనే క్రైస్తవ దైమ్యో, పోగొట్టుకొన్న పాత భూములు తిరిగి సంపాదించుకొనుటకు షోగున్ సలహాదారుని ఉద్యోగి ఒకామొతో దైహాచికి పెద్ద మొత్తములు ఇచ్చాడు. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే. ఒకామొతో దొంగ పత్రము చూపించి డబ్బు తిన్నాడు. సంగతి తెలిసి ఒకామొతోను సజీవముగా కాల్చివేశారు, అరిమాకు మరణశిక్ష పడినది. షోగున్ సొంత భూములలో క్రైస్తవ్యమును నిషేధించే ఆజ్ఞ ఆ సందర్భములోనే వెలువడినది. నిషేధమునకు ఇదొక్కటే కారణము కాదు. అయినా హతసాక్షుల చరిత్ర చెప్పేటప్పుడు ఈ అధ్యాయమును దాటవేయడము మన పుస్తకములలో అలవాటైపోయినది. అది సరికాదని మా అభిప్రాయము.

1614లో నిషేధము దేశమంతటా వర్తించినది. మిషనరీలను, దైమ్యో పదవినే వదులుకొని విశ్వాసము నిలుపుకొన్న తకయామా ఉకొన్‌ను ఓడలెక్కించి పంపివేశారు. ఉకొన్ 1615లో మనీలాలో మరణించాడు. అదే సంవత్సరములో ఓసాకా కోటలో షోగున్‌కు వ్యతిరేకముగా పోరాడిన వారిలో దొరలేని క్రైస్తవ సమురాయిలు కూడా ఉన్నారు, వారి ధ్వజముల మీద సిలువ గుర్తు ఉన్నది. దొరకు దాసుడు, ఆ దొర షోగున్‌కు దాసుడు, ఇదే ఆ రాజ్యమును నిలబెట్టిన గొలుసు. దొర ఆజ్ఞకు పైన ఇంకొక ప్రభువు ఆజ్ఞ ఉన్నదని చెప్పేవాడు ఆ గొలుసులో ఒక కడియము తీసివేసినట్లే. 1622లో నాగసాకిలో 55 మందిని, 1623లో ఎడోలో 50 మందిని చంపారు. తరువాత అధికారులు పద్ధతి మార్చారు. చంపితే హతసాక్షి అవుతాడు, విశ్వాసము వదులుకొంటే మిగిలినవారి ధైర్యము పోతుంది. 1633లో జెస్విట్ నాయకుడు క్రిస్తొవావు ఫెరెయిరాను గోతిలో తలక్రిందులుగా వ్రేలాడదీయగా ఆయన విశ్వాసమును నిరాకరించాడు. ఎందో షూసకు 1966లో ప్రచురించిన "నిశ్శబ్దము" నవలకు ఈ సంఘటనే ఆధారము.

షిమబరా

1637 చివరిలో క్యూషూ ద్వీపములోని షిమబరా, అమకుసా ప్రాంతముల రైతులు తిరగబడ్డారు. షిమబరా దైమ్యో మత్సుకురా వంశమువారు తమ భూమి అసలు దిగుబడికి మించి లెక్క కట్టి, ఎడోలో పేరు కొరకు దానికి తగినట్లు ఖర్చు పెట్టి, ఆ భారమంతా రైతుల మీద వేశారు. పన్ను కట్టలేనివారికి గడ్డితో అల్లిన వానకోటు తొడిగి నిప్పంటించేవారని అక్కడి డచ్చి వర్తక ప్రధాని వ్రాసి పంపాడు. ఈ రైతులలో ఎక్కువమంది పూర్వము క్రైస్తవులు, లేక వారి పిల్లలు. పదహారేండ్ల అమకుసా షిరో అనే బాలుని నాయకునిగా పెట్టుకొని హారా అనే పాడుబడిన కోటలో చేరారు. స్త్రీలు, పిల్లలతో కలిపి వారు సుమారు 37,000 అని చెబుతారు. ప్రభుత్వము పంపిన సైన్యము లక్షా ఇరవై వేలు. మొదటి సేనాపతి ఆ కోట ముందే చనిపోయాడు. డచ్చివారు కూడా తమ ఓడనుండి కోట మీద ఫిరంగులు కాల్చారు. 1638 ఏప్రిల్‌లో తిండి, తుపాకిమందు అయిపోయి కోట పడినది. లోపలివారిని ఇంచుమించు అందరినీ చంపివేశారు.

ఇది పన్ను తిరుగుబాటా, మత తిరుగుబాటా అని ఇప్పటికీ వాదించుకొంటారు. ఆకలిగొన్న రైతుకు ఆ రెండు గదులు వేరువేరుగా ఉంటాయని మేము అనుకొనము. ప్రభుత్వము కూడా రెండు విధములుగానూ అర్థము చేసుకొన్నది. దైమ్యో మత్సుకురా కత్సుయియెను దుష్పరిపాలన నేరము మీద తల తీయించినది. తోకుగావ కాలమంతటిలో ఒక దైమ్యో గౌరవమైన ఆత్మహత్యకైనా అవకాశము లేకుండా అటువంటి శిక్ష పొందడము ఇదొక్కటే. మరోప్రక్క 1639లో పోర్చుగీసు ఓడలను పూర్తిగా నిషేధించినది. 1640లో వర్తకము తిరిగి కోరుటకు మకావు నుండి వచ్చిన రాయబార బృందములో 61 మందిని చంపించినది. 1641 నుండి డచ్చివారు ఒక్కరే ఐరోపావారిలో మిగిలారు, అదీ నాగసాకి రేవులోని దెజిమా అనే చేతితో కట్టిన చిన్న లంకలో. మచిలీపట్నములో, పులికాట్‌లో స్థావరములున్నది ఆ డచ్చి కంపెనీకే. మన తీరపు నూలు బట్టలు ఆ ఓడల మీద జపాను చేరాయి. శాన్ తోమే, అనగా మైలాపూరు పేరు మీదుగా చారల బట్టకు అక్కడ "సంతోమె" అని పేరు నిలిచినది. బట్ట వెళ్ళగలిగిన దారిన బైబిలు వెళ్ళలేకపోయినది.

గుడి ఇచ్చిన పూచీకత్తు

ఇప్పుడు మా వ్యాసమునకు ముఖ్యమైన భాగమునకు వచ్చాము. ఒక మనిషి క్రైస్తవుడు కాడని ఎలా నిరూపించవలెను? "కాను" అనుటకు గుర్తు ఉండదు. తోకుగావ అధికారులు కనుగొన్న ఉపాయమేమనగా, ప్రతి ఇల్లూ ఒక బౌద్ధ ఆలయమునకు చెందియుండవలెను, ఆ ఆలయపు గురువు "వీరు మావారే" అని పూచీకత్తు వ్రాసి ముద్ర వేయవలెను. దీనికి "తెరాఉకే" అని పేరు. 1630 దశాబ్దములో మొదలై షిమబరా తరువాత దేశమంతటా వ్యాపించినది. 1640లో మత విచారణకు ప్రత్యేక అధికారిగా ఇనౌయె మసషిగెను నియమించారు. 1664లో దైమ్యోలు కూడా అటువంటి అధికారులను పెట్టుకొనవలెనని ఆజ్ఞ. 1671 నుండి ఏటేటా రిజిస్టరు. ఇంటి యజమాని, భార్య, పిల్లలు, పనివారు, వారి వయస్సు, ఆలయము పేరు, శాఖ, చివర ముద్రలు. కోడలు వస్తే ఆమె పుట్టింటి ఆలయము నుండి కాగితము రావలెను. పనికి పొరుగూరు వెళ్ళాలన్నా, యాత్రకు వెళ్ళాలన్నా కాగితమే. ఐదిండ్ల జట్టులో ఒకరు క్రైస్తవుని దాచితే ఐదుగురికీ శిక్ష. కూడలిలో బోర్డు మీద బహుమానము ప్రకటన. 17వ శతాబ్దము చివరి నాటికి గురువును పట్టిచ్చినవానికి 500 వెండి నాణెములు. విశ్వాసమును వదులుకొన్నవారి సంతతిని సైతము అనేక తరముల వరకు వేరే జాబితాలో పెట్టి, వారి పెండ్లి, చావు అధికారులకు తెలియజేయించేవారు.

నాగసాకి ప్రాంతములో దీనికి తోడు ఏటేటా కొత్త సంవత్సరపు మొదటి రోజులలో క్రీస్తు, మరియ చిత్రమున్న పలకను తొక్కించేవారు. అదే "ఫుమి-ఎ". మొదట కాగితము, చెక్క. తొక్కి తొక్కి అరిగిపోగా 1669లో లోహపు పలకలు పోయించారు.

ఈ ఏర్పాటు వలన క్రైస్తవులకు కలిగిన నష్టము తెలిసినదే. బౌద్ధమునకు కలిగిన నష్టమును మనవారు తక్కువగా గమనిస్తారు. ఒక్కసారిగా దేశములోని ప్రతి ఇల్లూ చట్టము ప్రకారము ఏదో ఒక ఆలయమునకు సభ్యుడైనది. సభ్యుడు వదలి వెళ్ళలేడు. ముద్ర గురువు చేతిలో ఉన్నది. అంత్యక్రియలు, ఏడవ, పదమూడవ, ముప్పైమూడవ సంవత్సరపు కర్మలు, ఆలయము మరమ్మతు చందాలు అన్నీ ఆ ముద్రకు ముడిపడ్డాయి. కర్మలకు రానివాని మీద, చందా ఇవ్వనివాని మీద "క్రైస్తవుడేమో" అనే అనుమానము చాలు. అనేక ఆలయములు 1613 నాటి ఇయెయాసు ఆజ్ఞ అని చెప్పి ఒక పత్రమును చూపించేవి. సభ్యుడు ఆలయమునకు చేయవలసిన బాధ్యతలన్నీ అందులో ఉన్నాయి. చరిత్రకారులు అది కల్పిత పత్రమని తేల్చారు. అందులో నిషిద్ధ శాఖగా పేర్కొనిన ఒక నిచిరెన్ బౌద్ధ శాఖను ప్రభుత్వము నిషేధించినది 1691లో! ఆ నిషేధపు మాట గమనించదగినది: ప్రభుత్వపు దానము స్వీకరించము అన్న బౌద్ధులు కూడా ఈ యంత్రము క్రింద క్రైస్తవుల వలెనే దాగి బ్రతికారు.

పైన చెప్పిన అంటరానివారిని ఆలయములు ఎలా చూసినవో ఒక్క సంగతి చాలు. జపానులో మరణించినవారికి బౌద్ధ గురువు కొత్త పేరు పెడతాడు, అది సమాధి రాతి మీద చెక్కుతారు. వీరిలో చాలామందికి "పశువు" అనే అర్థము వచ్చే అక్షరమును కలిపి పేరు పెట్టారు. బ్రతికినంత కాలము పేటలో, చనిపోయిన తరువాత రాతి మీద. 20వ శతాబ్దము చివరి దశకములలో ఆ సమాజము పోరాడగా కొన్ని బౌద్ధ శాఖలు తప్పు ఒప్పుకొని సమాధుల మీద ఆ పేర్లను మార్పించాయి. దీనిని మేము బౌద్ధమును నిందించుటకు వ్రాయుట లేదు. మన సంఘముల సమాధుల తోటలలో గోడలు లేవని చెప్పగల కాపరులు ఈ పత్రిక చదివేవారిలో ఎందరు?

1868లో తోకుగావ పాలన పోగానే అనేక చోట్ల జనము, అధికారులు కలిసి ఆలయములను, విగ్రహములను ధ్వంసము చేశారు. షింటోను రాజ్యమతముగా నిలపాలనే కొత్త ప్రభుత్వపు విధానము అందుకు మొదటి కారణము. రెండు వందల ఏండ్లు ముద్ర కొరకు గుడికి వెళ్ళినవారి మనసులోని కసి కూడా ఒక కారణము. చట్టము సభ్యులను ఇచ్చినది, భక్తులను ఇవ్వలేకపోయినది.

గురువులు లేని సంఘము

ఈ వల క్రింద నాగసాకి పరిసరములలో, గోతో దీవులలో, ఇకిత్సుకిలో కొన్ని గ్రామములు విశ్వాసమును దాచుకొన్నాయి. గురువు లేడు, ప్రభురాత్రి భోజనము లేదు, పాపపు ఒప్పుకోలు వినేవాడు లేడు. మిగిలినది బాప్తిస్మము ఒక్కటే, అది గృహస్థుడు ఇవ్వవచ్చును గనుక. పండుగల దినములు లెక్కించే పెద్ద ఒకడు, బాప్తిస్మమిచ్చేవాడు ఒకడు, ఇండ్లకు కబురు చేర్చేవాడు ఒకడు. ఇంతే వారి సంఘ నిర్మాణము. "ఒరషో" అని పిలుచుకొన్న ప్రార్థనలను లాటిను, పోర్చుగీసు ముక్కలతో సహా కంఠస్థము చేశారు. అర్థము తెలియని మాటలు కూడా తరము తరమునకు చేరాయి. కరుణాదేవతయైన కన్నోన్ బొమ్మ వారి ఇంటిలో మరియగా ఉండేది. అందరితోబాటు గుడి రిజిస్టరులో పేరు, అందరితోబాటు పలక తొక్కడము. ఇంటికి వచ్చి పశ్చాత్తాప ప్రార్థన. గురువు లేనిచోట నిజమైన పశ్చాత్తాపము చాలునని బోధించే చిన్న పుస్తకము నిషేధమునకు ముందే, 1603లో సిద్ధమైనది. ఆ పుస్తకము ఎంతమందిని నిలబెట్టినదో!

పలక తొక్కినవారు విశ్వాసులా, కాదా? మూడవ శతాబ్దములో దెకియస్ చక్రవర్తి కాలపు హింస తరువాత కార్తేజు సంఘమును చీల్చిన ప్రశ్నే ఇది. సిప్రియను వలె విచారించి పరీక్షించి చేర్చుకొనుటకు అక్కడ బిషపు లేడు. తొక్కకుండా మరణించినవారి విశ్వాసము మహిమగలది. కాని బాప్తిస్మమును 1865 వరకు చేరవేసినవారు తొక్కినవారే.

దొరికిపోయినవారూ ఉన్నారు. 1657లో ఓమురాలో 600 మందికి పైగా పట్టుబడగా 400 మందికి పైగా మరణశిక్ష పొందారు. అయితే 1805లో అమకుసాలో ఐదు వేలకు పైగా బయటపడినప్పుడు అధికారులు వారిని "క్రైస్తవులు" అని వ్రాయలేదు. "విపరీతమైన ఆచారము పట్టినవారు" అని వ్రాసి, ప్రమాణము చేయించుకొని విడిచిపెట్టారు. ఐదు వేల మందిని చంపితే పన్ను కట్టేదెవరు? పైగా ఇన్నేండ్ల రిజిస్టరు అబద్ధమని ఎడోకు చెప్పుకొనవలసి వస్తుంది.

1865 మార్చి 17న, నాగసాకిలో విదేశీయుల కొరకు కొత్తగా కట్టిన ఓఉరా దేవాలయమునకు ఉరకామి గ్రామస్థులు కొందరు వచ్చి, ఫ్రెంచి గురువు పెటీజాన్‌తో తమ హృదయమూ ఆయన హృదయము వంటిదేనని మెల్లగా చెప్పి, మరియ ప్రతిమ ఎక్కడున్నదని అడిగారు. రెండేండ్లకు, 1867లో, ఆ ఉరకామివారు తమ మృతులను బౌద్ధ గురువును పిలువకుండా తామే పాతిపెట్టుకొన్నారు. వారు కత్తి పట్టలేదు, పన్ను ఎగవేయలేదు. కాని గుడి పూచీకత్తు అక్కడ తెగిపోయినది, అరెస్టులు మొదలైనాయి. కొన్ని నెలలకే షోగున్ అధికారము వదులుకొన్నాడు. కొత్తగా వచ్చిన మెయ్‌జీ ప్రభుత్వము నిషేధపు బోర్డులను తిరిగి నిలబెట్టి, 3,300 మందికి పైగా ఉరకామి విశ్వాసులను దేశము నలుమూలల సంస్థానములకు ప్రవాసము పంపినది. అక్కడ ఆకలి, చలి, చిత్రహింసల వలన 600 మందికి పైగా మరణించారు. 1871లో ఆలయ రిజిస్టరు స్థానములో ప్రభుత్వపు కుటుంబ రిజిస్టరు వచ్చినది. పాశ్చాత్య దేశముల ఒత్తిడి మీద 1873 ఫిబ్రవరిలో బోర్డులు తీసివేశారు, ప్రవాసులు ఇండ్లకు తిరిగివచ్చారు.

దాగియున్నవారందరూ కథోలిక సంఘములో చేరలేదు. తాతలనుండి వచ్చిన ఒరషోను, ఇంటి పూజను, గుడి సభ్యత్వమును కూడా వదులుకొనలేక తమ పద్ధతిలోనే నిలిచినవారు ఇకిత్సుకి వంటి చోట్ల 20వ శతాబ్దములో కూడా ఉన్నారు. ఉరకామికి తిరిగివచ్చినవారు మాత్రము 1880లో గ్రామ పెద్ద ఇంటి స్థలమును కొన్నారు. వారి తాత ముత్తాతలు ఏటేటా పలక తొక్కినది ఆ ఇంటిలోనే. 1895లో అక్కడ ఇటుకల దేవాలయమునకు పునాది వేసి 1914లో ప్రతిష్ఠించారు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన అణుబాంబు ఆ దేవాలయమునకు సుమారు అర కిలోమీటరు దూరములోనే ప్రేలినది. ఇప్పుడున్నది ఆ స్థలములోనే 1959లో తిరిగి కట్టినది.